రాజూ, ఆ 3,141 మంది పిల్లల సంగతి

ఒరేయ్ రాజూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసా. ఇల్లు మారాం, సామాన్లు ఇంకా సర్దలేదు, గురువుగారి గొడుగు మాత్రం భద్రం. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

"జ్వరంతో షాక్‌లోకి జారుతున్న పిల్లకి బోలస్ ఇవ్వకుండా కంట్రోల్ గ్రూపులో పెట్టడం అన్యాయం కదా" అని రాశావు. బోలస్ అంటే నరంలోకి తక్కువ సేపట్లో ఎక్కువ ద్రవం ఎక్కించడం, షాక్ అంటే ఒంటికి రక్తం సరిగ్గా అందని స్థితి, కంట్రోల్ గ్రూపు అంటే పోల్చి చూడడానికి ఆ చికిత్స ఇవ్వకుండా ఉంచేవాళ్లు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే నిలబడింది ఫీస్ట్ అనే వైద్య ప్రయోగం (ట్రయల్). ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో ఆరు ఆసుపత్రులు, కాథ్రిన్ మెయిట్‌లండ్ అనే పిల్లల డాక్టరు బృందం. వెంటిలేటర్లు లేని వార్డులు. రెండు నెలలు దాటిన పసివాళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా, తీవ్రమైన జ్వరంతో పాటు స్పృహ తగ్గడమో ఊపిరి ఆడకపోవడమో ఉండి, రక్తప్రసరణ కూడా దెబ్బతిన్న పిల్లలు. సగానికి పైగా మలేరియా కేసులే.

ప్రసరణ దెబ్బతిందని ఎలా తేల్చారంటావా? యంత్రాలేం లేవు, చేతులే. గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎర్రబడడానికి 3 సెకన్లో ఎక్కువో పట్టడం, కాలి వేళ్ల నుంచి పైకి చెయ్యి జరిపితే కింద చల్లగా పైన వెచ్చగా తగలడం, మణికట్టు నాడి బలహీనంగా ఉండడం, గుండె విపరీతంగా కొట్టుకోవడం. వీటిలో ఒక్కటున్నా చాలు. (గది చల్లగా ఉంటే ఆ గోరు పరీక్ష మోసం చేస్తుంది, అది వేరే గోల.)

లాటరీ ప్రకారం మూడు గ్రూపులు. ఒకరికి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్ కలిపిన ద్రవం) బోలస్, ఒకరికి సెలైన్ (ఉప్పు నీటి ద్రవం) బోలస్, కిలోకు 20 నుంచి 40 మి.లీ. మూడో గ్రూపుకి బోలస్ లేదు. అలాగని వాళ్లని గాలికి వదిలేశారనుకోకు! యాంటీబయాటిక్, మలేరియా మందు, ఆక్సిజన్, గ్లూకోజ్, హిమోగ్లోబిన్ బాగా పడిపోతే రక్తం, అన్నీ అందరికీ అందాయి. మెయింటెనెన్స్ ఫ్లూయిడ్ (రోజువారీ అవసరానికి నెమ్మదిగా ఎక్కించే ద్రవం) కూడా, కిలోకు గంటకి 2.5 నుంచి 4 మి.లీ. పది కిలోల పిల్లాడికి లెక్కేసుకో: మెయింటెనెన్స్ అయితే గంటకి 25 నుంచి 40 మి.లీ., బోలస్ అయితే తక్కువలో తక్కువ 200.

ఇప్పుడు అసలు సంగతి. గంట తర్వాత చూస్తే బోలస్ తీసుకున్న వాళ్లలోనే ఎక్కువ మందికి ప్రసరణ మెరుగైంది. మంచం పక్కన నిలబడ్డ ఏ డాక్టరైనా "పనిచేసింది" అనే అంటాడు. కానీ 48 గంటలకి చనిపోయిన వాళ్లు: ఆల్బుమిన్‌లో 10.6 శాతం, సెలైన్‌లో 10.5, బోలస్ లేని వాళ్లలో 7.3. అంటే బోలస్ ఇచ్చిన ప్రతి వందలో అదనంగా ముగ్గురు. 3,600 మందిని చేర్చాలనుకున్న ట్రయల్‌ని 3,141 దగ్గర, 2011 జనవరిలో, పర్యవేక్షణ కమిటీ ఆపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతోంది రా. కంట్రోల్ గ్రూపు లేకపోతే ఆ ముగ్గురు ఎప్పటికీ ఎవరి కంటా పడేవాళ్లు కాదు. జబ్బు ముదిరి పోయారనుకునేవాళ్లం. ఒక్క డాక్టరు అనుభవానికి 7కీ 10కీ మధ్య తేడా అందదు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరే పోయుంటారని నువ్వూ అనుకుంటావు, అందరూ అదే అనుకున్నారు. 2013లో మరణాలన్నీ మళ్లీ వడపోస్తే అదనపు మరణాల్లో ఎక్కువ భాగం గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం వల్ల. ఎందుకన్నది... దీనికి ఇంకో ఉత్తరం కావాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఫలితాన్ని చాలామంది తప్పుగా వాడేది ఇక్కడే. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లల్ని, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లని, కాలిన గాయాల వాళ్లని ఇందులో అసలు చేర్చలేదు. డయేరియా పిల్లకి ఫ్లూయిడ్ ఆపి "ఫీస్ట్ చెప్పింది" అంటే అది ఘోరం. బీపీ పూర్తిగా పడిపోయిన 29 మందికి కూడా బోలస్ లేని గ్రూపు పెట్టలేదు. అందరికీ ఇచ్చారు, 18 మంది పోయారు. ఇవ్వకపోతే ఏమయ్యేదో ఆ లెక్క చెప్పలేదు.

2016లో డబ్ల్యూహెచ్‌వో మార్గదర్శకాలు మారాయి: చల్లని చేతులు కాళ్లు, 3 సెకన్లు దాటిన రీఫిల్ (అదే, గోరు నొక్కి వదిలాక మళ్లీ ఎర్రబడే సమయం), బలహీనమైన వేగమైన నాడి, మూడూ కలిస్తేనే షాక్. అప్పుడు కూడా కిలోకు 10 నుంచి 20 మి.లీ., అరగంట నుంచి గంట పట్టేలా, నెమ్మదిగా. 2020 సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) మార్గదర్శకాలైతే ఐసీయూ లేని చోట, బీపీ పడిపోనంత వరకు బోలస్ వద్దనే అన్నాయి. ఐసీయూ ఉన్న చోట మాట వేరు, మొదటి గంటలో కిలోకు 40 నుంచి 60 మి.లీ. దాకా పోవచ్చు, అయితే కొంచెం కొంచెంగా, మధ్యమధ్యలో పిల్లని చూసుకుంటూ.

అన్నట్టు తల్లిదండ్రుల అనుమతి గురించి కూడా అడిగావు. పిల్ల ప్రాణం మీద ఉన్నప్పుడు కాగితాలు చదివించలేరు కదా, ముందు రెండు ముక్కల్లో చెప్పి నోటిమాటగా ఒప్పించి, పిల్ల కుదుటపడ్డాక వివరంగా... అయ్యో, బండి వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నారు. మిగతాది మళ్లీ రాస్తా.

నీ
శీను