మొద్దు, తెలివైనోడు: ఇంట్లో మనం అనే రెండు మాటలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

హాఫ్ ఇయర్లీ పేపర్లు ఈ వారం పిల్లల చేతికి ఇచ్చాం. మార్కుల సంగతి క్లాస్ టీచర్లు విడిగా రాస్తారు. నేను రాసేది పేపర్లు పంచుతున్నప్పుడు క్లాసుల్లో వినపడ్డ మాటల గురించి. "నేను మొద్దుని మేడం." "మా ఇంట్లో ఎవరికీ లెక్కలు రావు, నాకెలా వస్తాయి?" "ఎంత సదివినా ఇంతే." ఎనిమిదో క్లాసు పిల్లాడొకడు "నా బతుకింతే" అన్నాడు, పదమూడేళ్లకే బతుకు సంగతి అంత ఖరారుగా తేలిపోయిందా వాడికి! వినగానే తెలిసిపోతుంది, ఇవి పిల్లలు పుట్టించిన మాటలు కావు, పెద్దవాళ్ల నోట్లో నలిగిన మాటలు. కొన్ని ఇంట్లోవి, కొన్ని బళ్లోవి.

వైగాట్‌స్కీ అని రష్యాలో ఒక మనస్తత్వవేత్త ఉండేవాడు, 1934లో ముప్పై ఏడేళ్లకే పోయాడు. చిన్నపిల్లలు ఆడుకుంటూ పైకే మాట్లాడుకుంటారు కదా, ఆ మాటే పెరిగేకొద్దీ లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుందని ఆయన చెప్పాడు. ఆ మాట మొదట వచ్చేది చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర్నుంచే. మీ ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంటే చెప్పులేసుకునేటప్పుడు గమనించండి, "ఇటు కాదు, అటు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని తనకి తనే చెప్పుకుంటుంది, అచ్చం వాళ్లమ్మ గొంతుతో. చూసి నవ్వుకుంటాం. అదే పిల్ల పద్నాలుగో ఏట పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు లోపల వినపడేది కూడా అలాంటి గొంతే, కాకపోతే అప్పుడు బయటివాళ్లకి వినపడదు.

ఇది చదివి "అయితే తప్పంతా మాదేనన్నమాట" అని బాధపడొద్దు. రైస్ మిల్లు నుంచో షాపు నుంచో రాత్రి తొమ్మిదికి వచ్చి, అన్నం తింటూ ప్రోగ్రెస్ కార్డు చూసే నాన్న నోట్లోంచి ఏదో ఒక మాట జారుతుంది, అది మనిషన్నాక సహజం. నాకు భయం ఒకసారి జారిన మాట గురించి కాదు, రోజూ అనే మాట గురించి.

అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో డిప్రెషన్ రోగుల మాటలు వింటూ ఒక విషయం పట్టుకున్నాడు. మనం పిలవకుండానే తటాలున వచ్చిపడే ఆలోచనలు కొన్ని ఉంటాయి, వాటిని మనం తనిఖీ చెయ్యం, వచ్చింది వచ్చినట్టు నమ్మేస్తాం. ఒక పేపర్ పోతే చదువే పోయిందనుకోవడం, టీచర్ ఒక రోజు ముభావంగా ఉంటే "మేడంకి నేనంటే పడదు" అనుకోవడం, పది ప్రశ్నల్లో తొమ్మిది బాగా రాసి పోయిన పదోదాన్నే పట్టుకు వేలాడటం. మన పిల్లల్లో ఇవన్నీ ఉన్నాయి, మనలో లేవా? బెక్ వైద్యం ఆ ఆలోచనని తరిమేయడంతో మొదలవదు, దాన్ని కూర్చోబెట్టి "సాక్ష్యం ఏదీ?" అని అడగడంతో మొదలవుతుంది. తరిమితే పోదు కూడా. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి అని మనుషులకి చెప్పి డేనియల్ వెగ్నర్ 1987లో ఒక ప్రయోగం చేశాడు, వద్దన్నకొద్దీ వాళ్లకి అదే గుర్తొచ్చింది. అందుకే "అలా అనుకోకురా, పాజిటివ్‌గా ఉండు" అంటే పిల్లాడు తలూపుతాడు గానీ లోపల ఏమీ మారదు.

మరి సాక్ష్యం అడగడం అంటే ఎలా? ఒక అమ్మాయి "నాకు బీజగణితం రాదు" అంది. సరే, పేపర్ తియ్యి, ఎక్కడ రాలేదో చూపించు అన్నాం. మొదటి లెక్కలో సమీకరణం సరిగ్గానే రాసింది. రెండోదీ సగం వరకు బాగానే ఉంది. తప్పు ఎక్కడ పడుతోందంటే, బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులన్నీ మార్చాలి కదా, మొదటిది మార్చి రెండోది మర్చిపోతోంది. పేపర్ అంతా అదే తప్పు. "బీజగణితం రాదు" అన్నది కాస్తా "బ్రాకెట్ తీసేటప్పుడు రెండో గుర్తు మర్చిపోతున్నాను" దగ్గరికి వచ్చింది. మొదటి మాటకి మందు లేదు, రెండోదానికి పది లెక్కలు చేస్తే చాలు. ఇంట్లో మీకు బీజగణితం రానవసరం లేదండీ, నిజంగా. "ఏ లెక్క? ఎక్కడ ఆగిపోయావు? అంతవరకు ఎలా చేశావు?" ఈ మూడు అడగండి. సమాధానం చెప్పే ప్రయత్నంలో పిల్లలే సగం తప్పులు పట్టేసుకుంటారు.

కొందరు తల్లిదండ్రులు నాకు వాట్సాప్‌లో వీడియోలు పంపుతున్నారు, ప్రేయర్‌లో పిల్లలందరి చేత "నేను గొప్పవాణ్ణి, నేను విజేతని" అని రోజూ అనిపించమని. క్షమించాలి, ఆ పని చెయ్యను. 2009లో కెనడాలో జోయాన్ వుడ్ అనే ఆవిడ, ఆమె తోటి పరిశోధకులు "నేను ప్రేమించదగ్గ మనిషిని" అన్న వాక్యాన్ని కొంతమంది చేత పదే పదే అనిపించి చూశారు. తమ మీద తమకి ముందే నమ్మకం ఉన్నవాళ్లకి కాస్త బాగానే అనిపించింది. నమ్మకం లేనివాళ్లకి మాత్రం, ఎవరి కోసమైతే మనం ఇదంతా చేద్దామనుకుంటున్నామో వాళ్లకి, ముందుకన్నా నీరసంగా అనిపించింది. నోరు ఒకటి అంటుంటే లోపల్నుంచి "అబద్ధం" అని ఇంకోటి వినపడుతుంది మరి.

ఇక రెండో మాట, "తెలివైనోడు". ఇది మంచి మాటే కదా అంటారు. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు అయిదో క్లాసు పిల్లలకి పజిల్స్ ఇచ్చి, కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కావాలని కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. ఆ పైన మళ్లీ తేలికవి ఇస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు మొదటికన్నా తక్కువ చేశారు, కష్టపడ్డావన్నవాళ్లు ఎక్కువ చేశారు. ఇంకో చిత్రం, ఊరూ పేరూ తెలియని వేరే బడి పిల్లలకి మీ మార్కులు రాసి పంపండి అంటే మొదటి గుంపులో చాలామంది ఎక్కువ వేసుకుని రాశారు! తెలివి ఉందన్న పేరు పోతుందని భయం. మన బళ్లో ఫస్ట్ వచ్చే పిల్లల్లో కొందరు ఒక మార్కు తగ్గితే ఏడుస్తారు, పేపర్ దాచేస్తారు, ఎందుకో ఇప్పుడు ఊహించుకోండి. అయితే ఇదేదో మంత్రం అనుకోకండి, కష్టపడితే తెలివి పెరుగుతుందని తర్వాత పెద్ద ఎత్తున బళ్లలో పిల్లలకి నేర్పి చూస్తే వచ్చిన తేడా చిన్నదే. చిన్నదైనా ఖర్చు లేనిది కాబట్టి చెబుతున్నాను. "నువ్వు తెలివైనోడివిరా" అనే చోట "ఈ లెక్క మూడు రకాలుగా చేసి చూశావే" అనండి, చేసినదాన్నే పేరు పెట్టి చెప్పండి.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడి పిల్లల దగ్గర మాత్రమే వినపడే మాట ఇంకొకటుంది. "మాకు ఏ భాషా సరిగ్గా రాదు." ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. సంక్రాంతికి టెక్కలి నుంచో విశాఖపట్నం నుంచో చుట్టాలొస్తారు, పిల్ల మాట్లాడిన తెలుగులో రెండు ఒడియా ముక్కలు దొర్లితే పకపకా నవ్వుతారు. ఇక్కడేమో ఒడియాలో తెలుగు యాస ఉందని తోటి పిల్లలు నవ్వుతారు. 1936లో ఒడిశాని వేరు చేస్తూ సరిహద్దు గీత గీసింది పెద్దలు, మధ్యలో నలిగేది ఈ పిల్లలు. ఇదే ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు పండితులు గ్రామ్యమని తీసిపారేసిన వాడుక మాట కోసం జన్మంతా పోరాడారు, కొండల మీది సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన నడిచిన వీధుల్లో తిరిగే పిల్ల తన మాటకి తనే సిగ్గుపడుతోంది. మీరొక్క పని చెయ్యండి. చుట్టాలు నవ్వితే వాళ్లతో కలిసి నవ్వకండి. "మా అమ్మాయి సంతలో ఒడియాలో బేరమాడి, ఇంటికొచ్చి మామ్మకి తెలుగులో లెక్క చెబుతుంది, మీ పిల్లలు చెబుతారా?" అని అడగండి. కొంచెం గొడవైనా పర్లేదు.

ఫోన్ స్పీకర్ సంగతి కూడా. "మావాడా, ఏం చెప్పమంటావ్ వదినా, వాడిదంతా మందబుద్ధి" అని మీరు హాల్లో అంటుంటే పక్క గదిలో వాడు పుస్తకం ముందు కూర్చుని అంతా వింటాడు.

మెట్రిక్, అంటే పదో క్లాసు పరీక్ష, రాసే పిల్లలకి ఒక చిన్న చిట్కా. టెన్షన్ వచ్చినప్పుడు "నేను ఇప్పుడేం చెయ్యాలి" అనుకోకుండా, తమని తామే పేరు పెట్టి పిలుచుకుని, "రాజూ, ముందు వచ్చినవి రాయి, మిగతావి తర్వాత చూద్దాం" అని ఫ్రెండుకి చెప్పినట్టు చెప్పుకోమనండి. మిషిగన్‌లో ఈథన్ క్రాస్ బృందం 2014లో దీన్ని పరీక్షించి, అలా చేసినవాళ్లకి కంగారు తగ్గిందని రాసింది. వింతగా ఉంటుంది, మొదట నవ్వొస్తుంది కూడా. పెద్దవాళ్లకీ పనిచేస్తుంది, ప్రోగ్రెస్ కార్డు తెరిచే ముందు మీరు వాడుకోవచ్చు.

ఒక విషయం మాత్రం వేరుగా చూడండి. పిల్లలు రెండు వారాలకు మించి సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఇష్టమైన ఆటకి కూడా వెళ్లకపోయినా, "నేను లేకపోతే బాగుణ్ణు" లాంటి మాట ఒక్కసారి అన్నా, ఈ ఉత్తరంలోని చిట్కాలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. నలుగురికీ తెలుస్తుందేమోనని ఆగకండి.

జవాబు పత్రాలు ఇంటికి పంపుతున్నాం. ఈసారి మొదటి పేజీలో మొత్తం మార్కుల పక్కన సంతకం అడగడం లేదు. లోపల ఏదో ఒక తప్పు దగ్గర పిల్లలు "ఇక్కడ నేను ఇలా అనుకున్నాను" అని ఒక వాక్యం రాయాలి, మీ సంతకం దాని కింద పెట్టండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా, రెండూ కలిపి రాసినా తీసుకుంటాం. సోమవారం లోపల తిరిగి పంపండి. శనివారం మీటింగ్ పదిన్నరకి, షాపు మూసి రాలేనివాళ్లు సాయంత్రం అయిదు తర్వాత వచ్చినా నేను ఆఫీసులోనే ఉంటాను, పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి.

మీ
హెడ్ మిస్ట్రెస్