రూపాయల్లో పెరిగాం, మీటర్లలో కాదు

మా ఖాతాదారులందరికీ నమస్కారం. మార్చి లెక్కలు ముగిశాక బెంగళూరు బీవీకే అయ్యంగార్ రోడ్డులోని మా కరెంటు తీగలు, వైరింగు సామాను దుకాణం నుంచి ఏటా పంపే ఉత్తరమే ఇది. హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి వచ్చి సరుకు తీసుకెళ్లే దుకాణదారులూ, ఇక్కడే పీణ్య, బొమ్మసంద్ర పారిశ్రామిక వాడలలో పనులు చేసే మన తెలుగు కాంట్రాక్టర్లూ ఇంగ్లీషు ఉత్తరం అందుకున్నాక ఫోను చేసి అసలు సంగతి అడుగుతుంటారు కనుక, ఈసారి తెలుగులోనే రాస్తున్నాను.

2025-26లో మా అమ్మకాల విలువ అంతకు ముందు ఏడాది కంటే 13 శాతం పెరిగింది. ఈ ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే వ్యాపారం జోరుగా ఉందనిపిస్తుంది. గోదాము నుంచి వెళ్లిన తీగను మీటర్లలో కొలిస్తే మాత్రం పెరిగింది 2 శాతమే. తక్కినదాంట్లో ఎక్కువ భాగం రాగి ధరదే.

లెక్క మీకు తెలిసిందే అయినా ఒకసారి వివరంగా చెబుతాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 90 మీటర్ల చుట్టలో సుమారు 2 కిలోల రాగి ఉంటుంది, 1.5 చుట్టలో సుమారు 1.2 కిలోలు ఉంటుంది. కిలో రాగి మీద వంద రూపాయలు పెరిగితే, పెద్ద చుట్ట మీద పన్ను కాకుండానే రెండు వందలు పెరుగుతాయి. లండన్ లోహ విపణిలో టన్ను రాగి 2025 డిసెంబరులో 12,000 డాలర్లు దాటింది. అంతకు ముందు నెలలో వంద చుట్టలు కొన్న డబ్బుతో ఆ తర్వాత వంద చుట్టలు రాలేదు. అంటే బిల్లు మొత్తం పెరిగింది, గోదాములో సరుకు తగ్గింది, బ్యాంకు నుంచి తెచ్చుకునే అప్పు మాత్రం పెరిగింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2024 మే నెలలో రాగి 11,000 డాలర్లు దాటినప్పుడు, ఇంకా పెరుగుతుందన్న ఆశతో గోదాము నిండా తీగ కొనిపెట్టాను. ఆగస్టుకల్లా ధర 9,000 డాలర్ల కిందికి దిగింది, ఆ సరుకును కొన్న ధరకంటే తక్కువకు వదిలించుకోవలసి వచ్చింది. పాలు తాగి నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊదుకుని తాగుతుందంటారు. నిరుడు డిసెంబరులో నేను చేసింది అదే: నిల్వ పెట్టడానికి భయపడ్డాను. దాంతో జనవరిలో 1.5, 2.5 చుట్టలు మా దగ్గర లేక మీలో కొందరు పక్క దుకాణాలకు వెళ్లవలసి వచ్చింది. పదిహేను రోజులు అదే ధర ఉంటుందని మా కుర్రవాళ్లు నోటిమాటగా చెప్పిన కొటేషన్లలో కొన్నింటిని నిలబెట్టుకోలేకపోయాం. ముందుగా డబ్బు కట్టినవారికి తేడా సొమ్ము వెనక్కి ఇచ్చాం గానీ, మాట పోయిన సంగతి నాకు తెలుసు.

రాగి సంగతి అలా ఉండగా, బెంగళూరు నిర్మాణ రంగంలో మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కరెంటు కనెక్షన్ల వ్యవహారం. స్వాధీన ధ్రువపత్రం, అంటే అనుమతి ప్రకారమే కట్టారని అధికారులు ఇచ్చే, మనమంతా ఓసీ అనే కాగితం, చూపించిన తర్వాతే భవనానికి విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాన్ని 2025లో ఇక్కడ అమలు చేయడం మొదలుపెట్టాక, కట్టడం పూర్తయినా మీటరు రాని ఇళ్లు ఎన్నో నిలిచిపోయాయి. తీర్పును నేను తప్పుపట్టడం లేదు. అనుమతికి మించి అంతస్తులు లేపిన భవనాలకు వైరింగు సామాను అమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ దాని ప్రభావం మా సరుకు మీద ఒక్క తీరుగా పడలేదు. స్లాబు వేసేటప్పుడే పైపులు పోతాయి, గోడలు పూత పూశాక తీగ లాగుతారు, రంగులయ్యాక స్విచ్‌లు బిగిస్తారు, అన్నిటికన్నా చివర మెయిన్ బోర్డు, ఎంసీబీలు (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపే స్విచ్‌లు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) కొంటారు. అందువల్ల పైపులు, తీగ ఎప్పటిలాగే వెళ్లాయి. చివరి దశ సామాను మాత్రం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మా అరల్లోనే దుమ్ము పట్టింది. యజమానికి కనెక్షన్ రాకపోతే కాంట్రాక్టరుకు చివరి విడత రాదు, కాంట్రాక్టరుకు రాకపోతే మాకు బాకీ తీరదు. 1,200 చదరపు అడుగుల వరకు ఉన్న స్థలాల్లో కట్టిన ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో మినహాయింపు ఇచ్చాక ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు స్థలాల వాళ్ల నుంచి ఆర్డర్లు మళ్ళీ మొదలయ్యాయి. పెద్ద భవనాలవి ఇంకా నెమ్మదిగానే ఉన్నాయి.

సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు మరో వారం పది రోజులు బేరం ఆగింది. తీగ మీద కూడా పన్ను తగ్గుతుందని చాలామంది ఎదురుచూశారు. తీగకు, స్విచ్‌లకు 2017 నవంబరులోనే 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక ఈసారి తగ్గడానికేమీ లేదు. ఏసీలకు తగ్గింది, కానీ మేము ఏసీలు అమ్మం.

మమ్మల్ని నిలబెట్టింది రెండే. ఒకటి, పీణ్య కర్మాగారాల మరమ్మతు పనులు. కొత్త కట్టడాలు ఆగినా యంత్రాలు ఆగవు, వాటిని నడిపే, ఆపే కాంటాక్టర్లు, రిలేలు అనే స్విచ్‌లు కాలుతూనే ఉంటాయి. రెండోది, రాయలసీమ దుకాణాలు, అక్కడికి అమ్మకం 20 శాతం పెరిగింది. తక్కువ కరెంటు తీసుకునే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు కూడా బాగా వెళ్లాయి. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది గనుక కొనేవాడికి వివరించి చెప్పే పని మాకు లేకపోయింది.

ఇక అరువు సంగతి. ఇది మీకు నచ్చదని తెలిసే రాస్తున్నాను. ప్యానెల్ బోర్డులు, జంక్షన్ బాక్సులు మేము చిన్న తయారీదారుల దగ్గర కొంటాం. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం (2026 మార్చి దాకా ఉన్న 1961 చట్టంలో ఇది 43బీ(హెచ్) సెక్షను), అలాంటివారికి ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోలేం, కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. న్యాయమైన నిబంధనే, నాకూ నచ్చింది. కానీ మేము వ్యాపారులం. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉన్నా మాకు దానివల్ల అందేది ప్రాధాన్య రంగపు బ్యాంకు అప్పు మాత్రమే, మాకు రావలసిన బాకీకి ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. ఇవ్వవలసిన చోట 45 రోజులు, రావలసిన చోట 90 రోజులు అయితే, మధ్యలోని 45 రోజులను వడ్డీ కట్టి మేమే మోస్తున్నాం. రాగి ధర పెరిగేకొద్దీ ఆ బరువూ పెరుగుతోంది.

అందుకని మే 1 నుంచి తీగకు అరువు గడువు 30 రోజులు, తక్కిన సరుకుకు 45 రోజులు. పదేళ్లుగా మాతో ఉన్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది, వేరు చేస్తే మా లెక్కే తప్పుతుంది. ఓసీ రాక నిలిచిపోయిన పనుల బాకీలు మాత్రం విడిగా చూస్తాం, ఆ భవనం వివరాలు పంపితే విడతలుగా కట్టే వీలు కల్పిస్తాం. ఇకపై కొటేషన్లన్నీ రాతపూర్వకంగానే, మూడు రోజుల గడువుతో వస్తాయి. నాలుగో వంతు సొమ్ము ముందుగా కడితే పది రోజుల పాటు ధర మార్చం, ఈలోగా రాగి ఎంత పెరిగినా సరే. నోటిమాటగా ధర ఎవరైనా చెబితే దాన్ని పట్టించుకోకండి, అది నేను చెప్పినా సరే.

చివరగా, చవకగా దొరుకుతోందని బయట కొంటున్న తీగ గురించి. రాగి ఖరీదైనప్పుడల్లా చుట్టలో రాగి తగ్గించేవాళ్లు బయలుదేరుతారు. పైన ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 (ఇలాంటి తీగలకు భారతీయ ప్రమాణం) అని అచ్చు వేసి ఉన్నా నమ్మకం కుదరకపోతే, చుట్టను మా దుకాణానికి తీసుకురండి. మా దగ్గర కొనకపోయినా పరవాలేదు. క్లాస్ 2 రకం 2.5 తీగకు (సన్నని పోగులతో మెత్తగా ఉండే క్లాస్ 5 రకానికి పరిమితి కాస్త ఎక్కువ) 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 7.41 ఓముల నిరోధం మించకూడదు, అంటే 90 మీటర్ల చుట్టకు 0.67 ఓములు. దాన్ని కొలిచే మీటరు మా గల్లాపెట్టె పక్కనే ఉంది, మీ ఎదురుగానే కొలిచి చూపిస్తాం.