'రెండు రోజుల్లో అన్నీ' ట్రిప్ ఇక ఉండదు

కోనసీమలో రాజోలు వైపు గదులు అద్దెకిచ్చే మా ఇంటికి వచ్చిన అతిథులకూ, రాబోయేవాళ్ళకూ నమస్కారం అండి.

దసరా దగ్గర పడుతోంది, ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరడం లేదు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. కొల్లేరు, అంతర్వేది, దిండి, పాపికొండలు, వీలైతే మారేడుమిల్లి కూడా కలిపి చూపించే 'రెండు రోజుల్లో అన్నీ' ట్రిప్ ఈ సీజన్ నుంచి ఆపేస్తున్నాం. మా దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. టెంపో ట్రావెలర్ వాయిదాలు చాలా వరకు ఆ డబ్బులతోనే కడుతున్నాం. అది పోతే కొన్ని నెలలు మాకు ఇబ్బందే. అయినా, హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పెద్దవాళ్ళు, పిల్లలు మళ్ళీ రెండు పగళ్ళూ బండిలోనే కూర్చుని, కిటికీ అద్దంలోంచి గోదావరిని చూసి వెళ్ళిపోతుంటే నాకు మనసొప్పడం లేదు.

ఫోన్‌లో మ్యాప్ చూస్తే అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ మా రాజోలు వైపు రోడ్లు చాలా వరకు కాలువ గట్ల మీద, ఊళ్ళ మధ్య నుంచి పోతాయి. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఆగి దారి ఇవ్వాలి. ఇంకో సంగతి, ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఉన్నదంతా పల్లమే. కోనసీమలో కొండలు లేవు. పాపికొండలు కావాలంటే రాజమండ్రి దాటి ఎగువకు పోవాలి. కొల్లేరు పక్షులు కావాలంటే పడమటికి, భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు వెళ్ళాలి. ఒకటి ఒక కొసన ఉంటే ఇంకోటి మరో కొసన ఉంటుంది.

ఇకపై మీరు ముందు నెల చెప్పండి. ఆ నెలలో ఏటిలో, కాలువలో, కొల్లేట్లో నీళ్ళు ఎలా ఉంటాయో చూసి, ఏది చూస్తే బాగుంటుందో మేము చెబుతాం. ఇక్కడ చూడాల్సినవన్నీ నీళ్ళ మీద ఆధారపడినవే.

ముందుగా పాపికొండల సంగతి, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. పట్టిసీమ రేవులో లాంచీ ఎక్కి పైకి వెళ్ళడం పాత మాట. పోలవరం దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ (ప్రాజెక్టు పనుల కోసం వేసే తాత్కాలిక కట్ట) కట్టాక ఆ దారి లేదు. ఇప్పుడు దేవీపట్నం వైపు గండి పోశమ్మ గుడి దగ్గర ఎక్కి, పేరంటాలపల్లి దాకా వెళ్ళి రావాలి. మా ఊరి నుంచి ఆ రేవుకు చేరడానికే మూడు గంటల పైన పడుతుంది. అందుకే పాపికొండలకు వెళ్ళేవాళ్ళు ముందు రోజు రాత్రి రాజమండ్రిలో ఉండండి. మా గదిలో ఉండకపోతే మాకు ఒక రాత్రి అద్దె పోతుంది, పోనివ్వండి. తెల్లవారుజామున నాలుగింటికి పసిపిల్లల్ని లేపి బండి ఎక్కించే పని మాత్రం మేము చేయం.

పడవ ఎక్కడం గురించి నేను గట్టిగానే ఉంటాను. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ వరద నీటిలో మునిగిపోయింది. ఎన్నో కుటుంబాలు తమవాళ్ళను పోగొట్టుకున్నాయి. ఆ రోజు ఏటి ఉధృతి ఎలా ఉందో గట్టు మీద ఉండేవాళ్ళం మాకు తెలుసు. అందుకని ఎర్రనీరు, అంటే వరద నీరు, తగ్గకముందు పాపికొండలకు బుకింగ్ తీసుకోం, పడవలు తిరుగుతున్నాయని ఎవరు చెప్పినా సరే. అనుమతి ఉన్న పడవే ఎక్కిస్తాం. లైఫ్ జాకెట్ ఫొటో దిగేటప్పుడు కూడా తీయకూడదు. పోయినసారి ఈ మాట అన్నందుకు ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డారు. మళ్ళీ వస్తే మళ్ళీ అదే చెబుతాను.

వరద హెచ్చరికల గురించి కూడా తెలుసుకుంటే మీకు టెన్షన్ తగ్గుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. మూడోది వచ్చిందంటే ఏటి మధ్య ఉండే లంక గ్రామాలకు రాకపోకలు పడవల మీదే. 2022 జూలైలో అలాగే అయింది. అలాంటప్పుడు మేము అతిథుల్ని పిలవం, ఆ రోజుల్లో ఊళ్ళో పని వేరే ఉంటుంది. మొదటి హెచ్చరిక వచ్చిందని టీవీలో చూసి మీరు ట్రిప్ మానుకుంటే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం, కారణం అడగం.

కొల్లేరు నాకు చాలా ఇష్టం. దాని గురించి ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు తక్కువ. పెద్ద మంచినీటి సరస్సు అనగానే కనుచూపు మేర నీళ్ళు ఉంటాయనుకుని వస్తారు. దారి పొడవునా కనిపించేవి చేపల చెరువులు. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల మీద బతికినవాళ్ళ బాధ ఒకటి, సరస్సు బాధ ఒకటి. రెండూ నిజమే. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకుపోతుంది. వానాకాలం చివర నిండుగా ఉంటుంది. వేసవికి కిక్కిస, గుర్రపుడెక్క, ఎండిన బురద మిగులుతాయి. కాబట్టి మార్చి దాటాక కొల్లేరు అడిగితే మేమే వద్దంటాం.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో రండి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీదా, వాటి కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్ళు పెడతాయి. పొద్దున్నే చేరితే పిల్లలకు మేత తెచ్చే పక్షుల్ని కళ్ళ నిండా చూడవచ్చు. గూట్లో పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి చేపను లాక్కుంటుంటే మా అతిథుల్లో మాట్లాడిన మనిషి ఉండరు. అందుకే ఈసారి కొల్లేరుకు ఒక పూర్తి రోజు కేటాయించాం. ఆటపాక అయ్యాక కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం చేసుకుని, భీమవరంలో భోజనం చేసి, సాయంత్రానికి ఇంటికి వస్తాం. డ్రోన్లు, స్పీకర్లు బండిలోనే ఉంచాలి.

కాలువల గురించి ఒక మాట. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన కాలువలే ఈ డెల్టాకు ప్రాణం. కానీ వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చటి గట్ల పక్కన నిండు కాలువ ఫొటో కావాలంటే దొరకదు, అడుగున చెత్త కూడా కనిపిస్తుంది. సెలవులు అప్పుడే దొరికితే దిండిలో వశిష్ఠ మీద హౌస్‌బోట్ చూసుకోండి, పాయలో నీళ్ళుంటాయి. కోనసీమను కేరళతో పోల్చి ప్రచారం చేసేవాళ్ళున్నారు. నాకు ఆ పోలిక నచ్చదు, మా లంకలూ మా ఏటిగట్లూ మావే.

అంతర్వేదికి మాత్రం ఏ నెలలోనైనా తీసుకెళ్తాం, వరద లేకపోతే చాలు. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు సఖినేటిపల్లికి పంటు (బండ్లను కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీద దాటి రండి. బస్సులో చుట్టూ తిరిగి రావచ్చు గానీ, బండితో సహా పంటు ఎక్కి వశిష్ఠ దాటడం మీ పిల్లలు చాలాకాలం చెప్పుకుంటారు. స్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరూ సముద్రమూ కలిసేచోట నిలబడి చూడండి. అక్కడ నీళ్ళలోకి దిగవద్దు, లాగేస్తుంది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వచ్చేట్టయితే నెల ముందే చెప్పాలి.

కార్తీక మాసంలో ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ చూపిస్తాం, సోమవారాలు తప్ప. సోమవారం క్యూలో మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక ఏడ్చిన అమ్మమ్మను చూశాను.

సంక్రాంతికి గదులు పాత అతిథులకే ముందు ఇస్తున్నాం. కోడిపందేలకు మేము తీసుకెళ్ళం, దయచేసి అడగవద్దు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తప్పకుండా తీసుకెళ్తాం. పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వచ్చి అక్కడ కలుస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతున్నప్పుడు నడుం లోతు నీళ్ళలో మోసేవాళ్ళ కేకలు వింటే ఒళ్ళు పులకరిస్తుంది. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. బండి దూరంగా ఆపి చాలా నడవాలి, ఓపిక ఉన్నవాళ్ళే చెప్పండి.

భోజనం మా అత్తగారి చేతిదే, మారదు. పులస చేప మాత్రం మెనూలో పెట్టడం లేదు. అది వరద నీటికి ఎదురీది వచ్చే రెండు మూడు నెలలే దొరుకుతుంది. మిగతా రోజుల్లో, ఆ రోజుల్లో కూడా చాలాచోట్ల, బయట నుంచి వచ్చిన ఇలసను పులసని అమ్ముతున్నారు. మాకు తెలిసిన జాలరి వలలో నిజంగా పడితే ఫోన్ చేసి ధర చెబుతాం, ఇష్టమైతేనే కొంటాం.

గది అద్దె పెంచడం లేదు, రోజుకు 2,400 రూపాయలే. బండి చార్జీ పెంచక తప్పడం లేదు. డీజిల్, ఇన్సూరెన్స్, డ్రైవర్ జీతం అన్నీ పెరిగాయి. కొత్త రేటు ఫోన్‌లో చెబుతాం, టోల్, పార్కింగ్ అందులోనే. మళ్ళీ చివర్లో అదనంగా అడగం. పాత ట్రిప్‌కు ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్ళు కొత్త వాటిలో ఏదైనా ఎంచుకోవచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. రెండింటిలో ఏది కావాలో ఈ నెలాఖరులోగా చెప్పండి.

2027 గోదావరి పుష్కరాలకు గదులు కావాలని ఇప్పటి నుంచే అడుగుతున్నారు. ఇంకా అడ్వాన్స్ తీసుకోవడం లేదు. పేరు, ఎంతమంది, వాళ్ళలో పెద్దవాళ్ళు ఎందరు అన్నది మాత్రం రాసుకుంటున్నాం. ఫోన్ చేసేటప్పుడు మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, అప్పటిదాకా వంటింట్లో ఉంటాను.