సీసా పట్టని బిడ్డకు గిన్నెతో పట్టండి

సంపాదకులకు నమస్కారం.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు డేకేర్లలో చేరే చంటిబిడ్డల గురించి ఈ ఉత్తరం. ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి, బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఆఫీసుకు వెళ్లాలి. అప్పటికి బిడ్డకు తెలిసింది తల్లి రొమ్ము ఒక్కటే. సీసా పెడితే నాలుకతో తోసేస్తుంది, ముఖం తిప్పుకుంటుంది. అది మొండితనం కాదు. తల్లి దగ్గర పాల జోరు బిడ్డ చప్పరింపును బట్టి ఉంటుంది; వంచిన సీసాలోంచి గుటక పడినా పడకపోయినా పాలు వస్తూనే ఉంటాయి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పాలు రావడం లేదేమో అనుకుని సూది కాల్చి పీకకు బొక్క పెద్దది చేస్తారు. పాలు ధారగా పడి బిడ్డకు పొలమారుతుంది. మర్నాడు సీసా కనబడితేనే ఏడుపు. పీకకు తేనె రాయడం ఇంకా ప్రమాదం. ఏడాది నిండేదాకా తేనె నాకించనే కూడదు.

సీసాయే పట్టాలంటే పాలు నెమ్మదిగా వచ్చే పీక తీసుకోండి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకుండా, చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే మొదలుపెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టి, పీకను పెదవికి తాకించి, నోరు తానే తెరిచాక పెట్టాలి. సీసాను అడ్డంగా పట్టుకుని మధ్యమధ్యలో ఆపాలి. అయినా వద్దంటే అంతటితో వదిలేయండి.

నిజానికి సీసా లేకుండానే పని జరుగుతుంది. మరిగించి శుభ్రం చేసిన చిన్న స్టీలు గిన్నె చాలు. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, మెడా వీపూ ఒక చేత్తో ఆనించి, గిన్నె అంచును కింది పెదవికి ఆనించాలి. పాలు పెదవికి తగిలేంత మటుకే వంచాలి, నోట్లో పోయకూడదు. బిడ్డ నాలుకతో అందుకుంటుంది, తర్వాత గుటకలు వేస్తుంది. ఆగితే మనమూ ఆగాలి. మన ఇళ్లలోని ఉగ్గుగిన్నె కూడా పనికొస్తుంది: గుటక పడ్డాకే మళ్లీ కొంచెం. కాళ్ల మీద పడుకోబెట్టి బలవంతంగా ఉగ్గు పోసే పద్ధతి మాత్రం వద్దే వద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదట్లో సగం ఒలికిపోతాయి, మెడకింద గుడ్డ కట్టుకోండి.

తల్లికి దూరంగా ఉన్న ప్రతి గంటకూ సుమారు 30 మి.లీ. పిండిన తల్లిపాల లెక్కన తొమ్మిది గంటలకు 270 మి.లీ. వీటిని 60 మి.లీ. చొప్పున వేరువేరు డబ్బాల్లో పంపితే వృథా తగ్గుతుంది. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఆగుతాయి. మన మే నెల ఎండల్లో ఆ లెక్క నమ్మొద్దు: వెంటనే ఫ్రిజ్‌లోకి, దారిలో ఐస్ ప్యాకుల సంచిలోకి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మైక్రోవేవ్‌లో కాకుండా, వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచి గోరువెచ్చగా చేయాలి.

అప్పుడే పిండిన పాలు తాగి, గడ్డకట్టించి కరిగించినవి వద్దంటే ఒకసారి వాసన చూడండి. సబ్బు వాసన వస్తుంటే అది పాలలోని కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ పని. పాలు చెడిపోయినట్టు కాదు, రుచి మారుతుందంతే. ఇకమీదట గడ్డకట్టించే ముందు అంచున చిన్న బుడగలు వచ్చేదాకా కాచి, వెంటనే చల్లార్చాలి.

కొందరు పిల్లలు పగలు కొద్దిగానే తాగి, సాయంత్రం నుంచి తల్లి దగ్గర లోటు తీర్చుకుంటారు. రోజంతటికీ ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే భయం లేదు. ఆరేడు గంటలు బట్ట తడవకపోయినా, బిడ్డ నీరసంగా పడి ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. అలవాటైన బిడ్డ ఉన్నట్టుండి మానేస్తే నోట్లో తెల్లమచ్చలు, చెవినొప్పి, ముక్కుదిబ్బడ ఉన్నాయేమో చూడాలి.

50 మంది, అంతకుమించి పనిచేసేచోట క్రెష్ (ఉద్యోగుల పసిబిడ్డలను చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. క్రెష్ ఆఫీసుకు రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంటే మన ట్రాఫిక్‌లో ఆ నాలుగుసార్లు కాగితం మీదే ఉంటాయి. కంపెనీలు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఏర్పాటు చేయాలి. డేకేర్లు గిన్నెతో పాలు పట్టడం ఆయాలకు నేర్పించాలి, తల్లి మధ్యాహ్నం వచ్చి పాలిచ్చేందుకు మరుగున ఒక కుర్చీ వేయాలి.

— తల్లిపాల సలహాదారులు, హైదరాబాద్