పారిజాతం లెక్క

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో ఆ బ్రిటిష్ జీవశాస్త్రవేత్త హాల్డేన్ సంగతి సగంలో ఆగిపోయింది. మిగతాది నీకు చెప్తే గానీ నాకు ఊపిరాడేలా లేదు.

కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు సైకిళ్లు తొక్కుకుంటూ పోయాం రా! జె.బి.ఎస్. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని ఆ కాలేజీకి చేర్చారు. బతికున్నన్నాళ్లూ ఆ ఒంటిని ప్రయోగాలకే వాడుకున్న మనిషి. పోయాక కూడా పిల్లల చదువుకి పనికిరావాలన్నారు.

1939లో థీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయారు. లోపల మనిషి ఎంతసేపు తట్టుకోగలడో తెలుసుకోడానికి ఆయనే స్వయంగా ఇనప గదిలో కూర్చున్నారు. ఇలాంటి పీడనం ప్రయోగాల్లోనే కర్ణభేరికి చిల్లు పడింది.

బతకడానికి అనువైనవే మిగులుతాయన్న డార్విన్ మాటని లెక్కలోకి దింపినవాళ్లలో ఈయనా ఒకరు. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ మసి పెరిగేకొద్దీ, నల్లబడ్డ చెట్ల మీద పక్షుల కంట పడని నల్ల రెక్కల పురుగులు యాభై ఏళ్లలోనే తెల్లవాటిని దాదాపు తుడిచిపెట్టేశాయి. అంత వేగంగా జరగాలంటే, తెల్లవాటికి రెండు పిల్లలు మిగిలేచోట నల్లవాటికి మూడు మిగలాలని 1924లో కాగితం మీద తేల్చారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద నాకు బాధే. సోవియట్‌లో ప్రభుత్వ అండ ఉన్న లైసెంకో అనే వ్యవసాయ శాస్త్రవేత్త జన్యుశాస్త్రాన్ని అణచేస్తుంటే, తన స్నేహితుడైన జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ జైల్లో చనిపోయినా, కమ్యూనిస్టు అభిమానంతో గట్టిగా నోరు విప్పలేదు. అంత పెద్ద మనసున్నవాడు అలా చేసి ఉండకూడదు.

1957లో కలకత్తా వచ్చేశారు. 1961లో మన పౌరుడయ్యారు. పంచె, కుర్తా, శాకాహారం. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యులే! పరికరాలు లేవని పరిశోధన మానక్కర్లేదనేవారు హాల్డేన్. సుబోధ్ కుమార్ రాయ్ అనే ఇంకో శిష్యుడు పారిజాతం రేకులు లెక్కపెట్టారు. ఒకే చెట్టు పూలకి రేకులు ఎందుకు మారతాయన్నది ప్రశ్న.

అది చదివిన మర్నాడు తెల్లారగట్ల మా పెరట్లో చాప పరిచి కూర్చున్నా. నారింజరంగు కాడలు వేళ్లకి అంటుకున్నాయి. వంద పూలు. ఎక్కువ ఆరు రేకులవే, తర్వాత ఐదు, ఏడు. ఎనిమిదివి మూడే మూడు.

మీ గుడి దగ్గర చెట్టు ఇంకా పూస్తోందా? ఓ వంద ఏరి లెక్కపెట్టి రాయరా. పక్కపక్కన పెట్టి చూద్దాం.

నీ
రాంబాబు