బడి మోటారు బాగు చేయించడానికి 19 రోజులా?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కోనసీమలో కాలువ శివారు ఊరు, గోదావరి వైనతేయ పాయకి దగ్గర. నేను రైతుని. మా అమ్మాయి ఊళ్లోని హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది, 2024 ఆగస్టులో రాష్ట్రమంతా జరిగిన ఎన్నికల్లో నన్ను కూడా పేరెంట్స్ కమిటీకి ఎన్నుకున్నారు. అప్పటి నుంచి కళ్లారా చూస్తున్నది రాద్దామని కూర్చున్నాను, కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజునే బోరు మోటారు కాలిపోయింది. మా వైపు నీళ్లలో ఉప్పెక్కువ, మోటార్లు తొందరగా తుప్పు పడతాయి, ఇదేం కొత్త కాదు. మెకానిక్ వచ్చి పైకి లాగి చూసి, వైండింగ్ పోయిందండీ, 4,500 అవుతుంది, రేపు సాయంత్రానికి బిగించేస్తాను అన్నాడు. బడి ఖాతాలో డబ్బు ఉంది. కానీ అది వేరే పద్దు కింద వచ్చిన డబ్బు, మోటారుకి వాడకూడదన్నారు. అర్జీ పెట్టాం, ఫొటోలు ఎక్కించాం, ఎస్టిమేట్ కావాలన్నారు, ఎస్టిమేట్ వేసే ఇంజనీరు గారికి చూసుకోవాల్సిన ఊళ్లు బోలెడు. 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ ఆయా పక్కింటి చేతిపంపు దగ్గర్నుంచి రెండు బకెట్లతో నీళ్లు మోసింది. పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తినేసి ఇంటికొచ్చేసేవారు, మళ్లీ వెళ్లేవారు కాదు. ఎందుకొచ్చేశావమ్మా అని అడిగితే మా అమ్మాయి తలొంచుకుని "బాత్రూంలో నీళ్లు లేవు నాన్నా" అంది. ఆఖరికి హెడ్మాస్టరు గారు సొంత జీతంలోంచి తీసిచ్చి మోటారు బిగించారు. ఆ డబ్బు ఆయనకి ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఇందులో ఫలానా ఆఫీసరు చెడ్డవారని నేననడం లేదు. వాళ్లు రూలు ప్రకారమే చేశారు, తప్పంతా ఆ రూల్లోనే ఉంది. బడి పక్కన ఉన్నవాళ్లకి నిర్ణయించే హక్కు లేదు, నిర్ణయించేవాళ్లకి ఆ బడి కనపడదు.

చట్టం మాత్రం మాకు అనుకూలంగానే రాశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్ తీసి చూడండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యని బట్టి చోటివ్వాలి. అంత బాగా రాసి, కమిటీ చేసే పని దగ్గరికొచ్చేసరికి "పర్యవేక్షించాలి", "ప్రణాళిక తయారుచేసి సిఫార్సు చేయాలి" అన్నారు. అంటే చూడొచ్చు, అడగొచ్చు, అంతే. డబ్బు సంగతీ అలాగే ఉంది. బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000, అది దాటి వెయ్యి మంది వరకూ 75,000 గ్రాంటు. అది జూన్‌లో బడి తెరిచేనాటికి చేతికొస్తే ఒక దారి, ఏడాది చివర్లో వస్తే ఇంకో దారి. మార్చి 31 దాటితే మురిగిపోతుందన్న టెన్షన్లో, అవసరమైంది కాకుండా దొరికింది కొనేస్తాం.

ఈ డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ బాధ ఇంకోలా చెప్తే ఇట్టే అర్థమవుతుంది. పై ఊళ్లకి నీళ్లందాక మిగిలితేనే శివారుకి వచ్చేది. అందుకే 1997లో చట్టం చేసి సాగునీటి సంఘాలు పెట్టారు, కాలువ మీద బతికే రైతే కాలువ బాగోగులు చూసుకోవాలని. ఆ సంఘాలు అన్ని చోట్లా గొప్పగా నడిచాయని చెప్పను, మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు, మళ్లీ 2024 డిసెంబర్లో జరిగాయి. కానీ మా ఊళ్లో సంఘం గట్టిగా ఉన్న ఏడాది నీళ్లు వదిలేలోపే గుర్రపుడెక్క తీయించాం, పూడిక తీయించాం, శివారు చేలకి నీరందింది. అలాగని ధవళేశ్వరం బ్యారేజీ మాకిచ్చేయమని ఎవరూ అడగలేదు. బ్యారేజీ బ్యారేజీగానే ఉంది, మా పిల్లకాలువ మాత్రం మేం చూసుకున్నాం. బడికీ అదే కావాలంటున్నాను. జిల్లా నుంచి విడిపోతామనడం లేదు. టీచర్ల నియామకం, జీతాలు, బదిలీలు, సిలబస్, పదో తరగతి పరీక్షలు అన్నీ పైవాళ్ల దగ్గరే ఉండనివ్వండి. మోటారు, బల్లలు, కిటికీ తలుపులు, తాత్కాలిక టీచరు, వరదకి పోయిన రోజుల లెక్క, ఇవి మాకు వదలండి.

వరద సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లంకల నుంచి, అంటే గోదావరి మధ్యలో ఉన్న దిబ్బల ఊళ్ల నుంచి, వచ్చే పిల్లలు మా బడిలో ఉన్నారు. గోదావరి పొంగితే కాజ్‌వే మునుగుతుంది, పడవ మీద పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? 2022 జులై వరద మేమెవరం మర్చిపోలేదు. పోయిన పనిదినాలు పూడ్చడానికి ఆదివారం బడి పెట్టమంటారు, ఆదివారం మా ఊళ్లో సగం మంది పిల్లలు చర్చికెళ్తారు. రోజూ ఓ గంట ముందు మొదలుపెట్టుకుంటాం అంటే, అది మన చేతుల్లో లేదంటారు. మరి ఎవరి చేతుల్లో ఉండాలి?

లెక్కల మేడం గారు ప్రసూతి సెలవులో వెళ్లారు, 180 రోజులు, అది ఆవిడ హక్కు. ఆ ఆరు నెలలూ పదో తరగతికి లెక్కలు చెప్పేవారు లేరు. మా ఊళ్లోనే బీఈడీ చేసి, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునే అమ్మాయి ఉంది. ఆరు నెలలకి పెట్టుకుని గౌరవ వేతనం ఇవ్వడానికి కమిటీకి అధికారం లేదు.

ఇలా ఎక్కడైనా జరుగుతుందా అని అడిగేవాళ్లకి, అమెరికాలో షికాగో చూడండి. ఊరంతటికీ ఒకటే స్కూల్ డిస్ట్రిక్టు. 1988లో చట్టం చేశారు, మరుసటి ఏడాది ఎన్నికలు పెట్టి బడిబడికీ కౌన్సిల్ వేశారు, అందులో తల్లిదండ్రులే ఎక్కువ. ప్రిన్సిపాల్‌ని నాలుగేళ్ల కాంట్రాక్టు మీద ఎంచుకునేదీ, బడి బడ్జెట్టుకి ఆమోదం చెప్పేదీ ఆ కౌన్సిలే. మాకు హెడ్మాస్టరుని ఎంచుకునే అధికారం అక్కర్లేదు, మోటారు బాగుచేయించే అధికారం చాలు.

భయాలు లేవా అంటే ఉన్నాయి. కమిటీ ఎన్నికల్లో పార్టీలు దూరుతున్నాయి, అది నేనూ చూశాను, బాధపడ్డాను. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లే కుర్చీ పట్టుకుంటే దళిత పేటలో వాళ్ల మాట ఎవరూ వినరు, అది ఇంకా పెద్ద భయం. కానీ దానికి మందు అధికారం లాక్కోవడం కాదు. ఖర్చు చేసిన ప్రతి రూపాయీ బడి గోడ మీద పెయింటుతో రాయించండి, గ్రామసభలో చదివించండి, ఏటా జిల్లా నుంచి ఆడిట్ పంపండి. తప్పు చేసిన కమిటీని రద్దు చేయండి. 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించారు, 2025లో ఆ జీవో రద్దు చేశారు. తరలించేటప్పుడూ మా ఊరినెవరూ అడగలేదు, రద్దు చేసేటప్పుడూ అడగలేదు. అంతకంటే పెద్ద పొరపాటు మేమేం చేస్తామండీ?

50,000 లోపు మరమ్మతులకి కమిటీ తీర్మానం ఒక్కటీ చాలని జీవో ఇవ్వాలని, గ్రాంటు జూన్‌లోనే వేయాలని మా కమిటీ పోయిన నెల తీర్మానం చేసి ఎంఈఓ గారికి, డీఈఓ గారికి పంపింది. తల్లులే ముందు సంతకాలు పెట్టారు. మిగతా ఊళ్ల కమిటీలు కూడా ఇలాగే తీర్మానాలు చేసి పంపిస్తే బాగుంటుందని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పేరెంట్స్ కమిటీ సభ్యుడు,
కోనసీమ జిల్లా