ఒక కాలికి బూటు

ఒరేయ్ బద్ధకిష్టీ,

నీ ఉత్తరం అందింది. "మనసే బాగోలేనప్పుడు నడకలూ గిడకలూ ఏం చేస్తాయిరా" అని రాశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. నిరుడు నేను డాక్టరుగారితో అక్షరం పొల్లుపోకుండా అన్నమాట అదే. అందుకే ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నాను. ఓపిక చేసుకుని చదువు.

నా సంగతి నీకు సగమే తెలుసు. ఆ నాలుగు నెలలూ ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పి తప్పించుకున్నాను గానీ, అసలు విషయం అది కాదు. రోజూ మూడింటికే మెలకువ వచ్చేసేది, ఇక నిద్ర పట్టేది కాదు. పగలంతా ఒళ్లు బరువు. ఎవరు పలకరించినా విసుగు. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, "రోజూ కాసేపు నడవండి" అన్నారు. మంచం దిగడమే గగనమైపోయినవాణ్ని పట్టుకుని నడవమంటారేంటని లోపల ఒళ్లు మండింది.

మొదటి రోజు బాగా గుర్తుంది. మంచం అంచున కూర్చుని ఎడమ కాలికి బూటు వేసుకున్నాను. రెండోది చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాను. అబద్ధం కాదురా, అరగంట! చివరికి, వేసుకున్నది విప్పాలన్నా పనే కదా అనిపించి రెండోది కూడా తగిలించేశాను. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆనందం లాంటిదేమీ కలగలేదు. కాకపోతే బుర్రలో గానుగెద్దులా ఒకే చుట్టు తిరుగుతున్న ఆలోచన కాసేపు ఆగిందని ఇంటికొచ్చాక తట్టింది.

ఉత్సాహం వచ్చాక లేద్దాంలే అని కూర్చుంటాం చూడు, మన తప్పంతా అక్కడే. దిగులు పట్టినవాడికి ఉత్సాహం ముందు రాదు. కాళ్లు బయల్దేరాక వెనకాల నింపాదిగా వస్తుంది, ఒక్కోరోజు అసలు రాదు కూడా. మానసిక వైద్యంలో దీన్ని ఒక చికిత్సగానే వాడతారు, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. మూడ్ కోసం ఆగకుండా ముందు పని మొదలుపెట్టించడం.

నువ్వు రుజువులడిగే మనిషివి కాబట్టి ఒకటి చెప్తా. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్ ఉన్న 156 మందిని, అందరూ 50, ఆ పై వయసువాళ్లే, మూడు గుంపులు చేశారు. ఒకరికి మందు, ఒకరికి వారానికి మూడుసార్లు వ్యాయామం, మిగిలినవాళ్లకి రెండూ. 16 వారాలయ్యాక చూస్తే మూడు గుంపులూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. కాకపోతే మందు త్వరగా పని మొదలుపెట్టింది. 1999లో అచ్చయింది ఇది. ఏ చికిత్సా లేని గుంపు అందులో లేదు, కాబట్టి వేదవాక్కు అనుకోకు. ఇది చదివి మాత్రలు అవతల పారేయకు కూడా. నేను డాక్టరుగారు తగ్గించమన్నాకే తగ్గించాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది గుండెదడ విషయంలో. మీటింగులో కూర్చుంటే ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకునేది, చెమటలు పట్టేవి, ఇక ప్రాణం పోతుందనుకునేవాణ్ని. ఈసీజీ తీస్తే అంతా బాగానే ఉందన్నారు. ఓ రోజు నాలుగంతస్తుల మెట్లు గబగబా ఎక్కి, పైన గోడకానుకుని మణికట్టు మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 130 దాటింది. అదే దడ, అదే చెమట, అదే ఆయాసం. అలాగే నిలబడ్డాను. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే దిగిపోయింది. అలా రోజూ ఎక్కాను. ఇప్పుడు మీటింగులో దడ మొదలైతే, ఓహో, మెట్లెక్కుతున్నాను అనుకుంటాను. పూర్తిగా పోలేదు గానీ నన్ను బయటికి పరిగెత్తించడం మానేసింది.

ఇక నా తెలివితక్కువతనం కూడా విను. మూడో వారంలో ఊపొచ్చి పరుగు మొదలుపెట్టాను. మోకాలు వాచింది. పదిహేను రోజులు పడక. బూట్లు మంచం కిందికి పోయాయి, వాటిని చూస్తేనే నేరం చేసినట్టుండేది. ఆ మానేసిన రోజులకి బాకీ తీర్చుకుందామని చూడకుండా మళ్లీ వీధి చివరి నుంచే మొదలెట్టాను. ఫోన్‌లో అడుగుల లెక్క కూడా తీసేశాను, అదో కొత్త టెన్షన్ అయి కూర్చుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదపమంటుంది. అంకె చూసి బెదిరిపోకు, అసలేమీ చేయకపోవడం కంటే కొంచెమైనా మేలని వాళ్లే అన్నారు.

నీ ఉత్తరం చివర రాసిన వాక్యం ఒకటుంది కదా, పొద్దున లేవకపోతే బాగుండునని. జోక్‌లా రాశావు గానీ నేను జోక్‌లా చదవలేదు. అది నడకతో పోయే సంగతి కాదురా. ఆ మాట ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పాలి, అదీ ఈ వారంలోనే. నేనూ వస్తాను, బయట కుర్చీలో కూర్చుంటాను. ఈలోగా రాత్రి ఏ వేళప్పుడైనా సరే ఆ ఆలోచన వస్తే నాకు ఫోన్ కొట్టు. మూడింటికి మెలకువగా ఉండటం నాకు కొత్తేం కాదు.

ఇది నీకు చేరిన మర్నాటి నుంచి పొద్దున ఆరున్నరకి నేనే ఫోన్ చేస్తాను. నేనిక్కడ నడుస్తూ ఉంటా, నువ్వక్కడ నడువు. మాట్లాడక్కర్లేదు, నీ ఆయాసం వినపడితే చాలు. ఒక కాలికే బూటు వేసుకుని కూర్చున్నా ఫోన్ మాత్రం ఎత్తు.

ఇట్లు
నీ మాజీ బద్ధకిష్టి